వంటింటి రాజ్యాంగంలో మూడో అధికరణం

నేను రాసిన రాజ్యాంగం వల్ల ఒక మనిషికి నెలన్నరపాటు వేడి అన్నం లేకుండా పోయింది. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. మిగతాదంతా చెప్పుకుంటూ పోతే నన్ను నేను కాస్త గొప్పగా చూపించుకుంటాను, అది నా అలవాటు. ఇరవై ఏళ్లుగా సోషల్ టీచర్ని. నేను నిలబడి మాట్లాడితే ఎదుటివాళ్లు నోట్సు రాసుకుంటారన్న నమ్మకం ఒంటికి పట్టేసింది.

మేముండేది దోహాలో, అల్ సద్‌లో, క్లినిక్కుల వెనక సందులో ఒక పాత విల్లా. ఊళ్లో మా చుట్టాలు "దుబాయ్‌ల బంగళాల ఉంటరట" అని చెప్పుకుంటారు. ఇది దోహా అని ఎన్నిసార్లు చెప్పినా వాళ్లకు దుబాయే. ఆ బంగళాను చెక్క గోడలతో నాలుగు పోర్షన్లుగా కోశారు. నాలుగు పోర్షన్లకూ వంటిల్లు ఒక్కటే. వంటింట్లో స్టవ్ ఒక్కటే. దానికి నాలుగు బర్నర్లున్నాయి గానీ ఒకటి అసలు వెలగదు, రెండు దేవుడి దగ్గర దీపంలా మిణుకుమంటాయి. ఎడమవైపు ముందున్న పెద్దది ఒక్కటే భగ్గుమని మండుతుంది. మా ఆయన పనిచేసేది రాస్ లఫాన్‌లో, ఓడలకు గ్యాస్ నింపి దేశదేశాలకు పంపే ఊళ్లో. ఆదివారం పొద్దున కంపెనీ బస్సెక్కితే మళ్లీ గురువారం సాయంత్రమే ఇంటికి రావడం. లోకానికంతా మంట పంపించే మనిషి పెళ్లాం ఒక్క బర్నర్ కోసం లైన్లో నిలబడేది.

ఆ బర్నర్‌కు, ఆ వంటింటికి, మా అందరికీ ఒక రాణి ఉంది. అందరం పెద్దమ్మ అనేవాళ్లం. జగిత్యాల వైపు మనిషి, అరవై దగ్గర పడింది. విల్లా కాగితాలు ఆమె భర్త పేరున ఉన్నాయి, మేమంతా ఆమె దయవల్ల ఉంటున్నవాళ్లం. రాత్రి తొమ్మిదికి వంటింటికి తాళం వేసి చెవి కొంగున ముడేసుకునేది. పొద్దున నాలుగున్నరకు తాళం తీసి, లోపలికి పోయి, గడియ పెట్టుకునేది. ఐదున్నరకు గానీ ఆ గడియ మాకోసం తెరుచుకునేది కాదు. ఆ గంటసేపూ లోపల ఏం చేస్తావు పెద్దమ్మా అంటే, "చాయ్ తాగుత" అనేది. గంటసేపు చాయ్! పైగా తలుపు సందులోంచి వేడి అన్నం వాసన వచ్చేది. మొగుడికి వండిపెట్టుకుంటూ మాకు చాయ్ కబుర్లు చెబుతోందని నేను పళ్లు కొరుక్కునేదాన్ని.

నా స్కూలు బస్సు ఐదూ నలభైకి. అంటే నా వంటకు పది నిమిషాలు. మూడుసార్లు ఆలస్యమైతే ప్రిన్సిపాల్‌కు సంజాయిషీ రాసివ్వాలి. నాకప్పటికే ఒకటి పడింది.

మిగతా ఇద్దరు రాణులు కాని ఆడవాళ్ల సంగతి కూడా చెప్పాలి. ఒకరు హైదరాబాద్ ఆపా. ముందు వీధిలోని క్లినిక్‌లో రిసెప్షన్‌లో కూర్చుంటుంది, తెలుగూ దక్కనీ ఒకే నోటితో ఒకే వాక్యంలో మాట్లాడుతుంది. ఇంకొకరు భీమవరం వదిన. ఆవిడ ఆవకాయ జాడీలకు ఒక పోర్షన్ విడిగా కావాలి. ఇక ఐదో మనిషి కడపక్క. యాభై దాటింది. ఒక అరబ్బు ఇంట్లో పనిచేసి, అక్కడ పని అయిపోయాక ఆపా పుణ్యమా అని అదే క్లినిక్‌లో క్లీనింగ్ డ్యూటీలో చేరింది. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా డ్యూటీ. వెనక పెరట్లో బియ్యం బస్తాల స్టోర్ రూంలో పడుకుంటుంది. అందులో ప్లగ్ పాయింటు కూడా లేదు. ఆ జాగాకు బదులుగా మా నాలుగిళ్ల గిన్నెలు తోముతుంది, వంటిల్లు కడుగుతుంది. ఆమె ఎప్పుడు తింటుందో, ఎక్కడ వండుకుంటుందో నేను ఎప్పుడూ అడగలేదు. నాకు ఆ ప్రశ్నే తట్టలేదు.

తొమ్మిదో తరగతి సాంఘికశాస్త్రంలో మొదటి పాఠమే ఫ్రెంచి విప్లవం. ఆ వారం 1791 నాటి వాళ్ల రాజ్యాంగం చెబుతున్నాను. రాజును తీసెయ్యలేదు, గోళ్లు మాత్రం కత్తిరించారు. చట్టాలు చేసే పని జాతీయ సభకు పోయింది. రాజుకు వీటో మిగిలింది గానీ దానితో చట్టాన్ని ఆపలేడు, ఆలస్యం మాత్రమే చేయగలడు. మనుషులందరూ పుట్టుకతో సమానులని ముందు పెద్దక్షరాలతో రాసి, ఆ తర్వాత ఓటు మాత్రం పాతికేళ్లు దాటి, పన్ను కట్టే మగవాళ్లకే ఇచ్చారు. వాళ్లు క్రియాశీల పౌరులు. ఆడవాళ్లు, పేదలు, ఇళ్లలో పనిచేసేవాళ్లు నిష్క్రియ పౌరులు. దీన్ని నేను ఏటా చేతులు తిప్పుతూ వెక్కిరించి చెబుతాను, పిల్లలు నవ్వుతారు.

ముందు బెంచీలో కూర్చునే మన తెలుగుపిల్ల ఒకతె ఆ రోజు నవ్వకుండా చెయ్యెత్తింది. "టీచర్, అది రాసినవాళ్ల ఇళ్లలో కూడా పనివాళ్లు ఉండే ఉంటారు కదా. రాసేటప్పుడు వాళ్లు కనిపించలేదా?"

"ఇది పరీక్షలో రాదు, కూర్చో" అన్నాను.

ఆ రోజే నాకు రెండో ఆలస్యం పడింది. ఇంటికొచ్చేసరికి ఒళ్లు మండిపోతోంది. ప్యారిస్ ఆడవాళ్లు రొట్టె కోసం రాజభవనం మీదికి నడిచిపోయిన పేజీ సంచిలోనే ఉంది. ఆపాను, వదినను వెంటబెట్టుకుని పెద్దమ్మ పోర్షన్ మీదికి బయలుదేరాను. దూరం ఎనిమిది అడుగులు. వదిన చేతిలో అట్లకాడ ఉంది, కావాలని తెచ్చింది కాదు, దోసెలు మధ్యలో వదిలేసి వచ్చింది.

పెద్దమ్మ టీవీ ముందు నుంచి కదలలేదు. "ఏందే, ముగ్గురు కట్టగట్టుకొని అచ్చిండ్రు?"

"తాళం తీసెయ్యాలె పెద్దమ్మా. వంటిల్లు అందరిది" అన్నాను.

"అందరిదైతే అందరి పేరున కాయిదం చేపిచ్చుకోండ్రి" అని రిమోట్‌తో సౌండు పెంచింది.

మర్నాడు గురువారం. పొద్దున మేము లేచేసరికి వంటింటికి తాళం ఉంది, పెద్దమ్మ లేదు. తాళంచెవితో సహా మదీనత్ అల్ షమాల్‌లో ఉండే తమ్ముడి ఇంటికి వెళ్లిపోయింది. ఫ్రాన్సు రాజు కూడా ఇలాగే కుటుంబాన్ని బండెక్కించి సరిహద్దు వైపు పారిపోబోయి దొరికిపోయాడు. ఆకలి ఒకవైపు, చరిత్ర అచ్చుగుద్దినట్టు జరుగుతోందన్న సంబరం ఒకవైపు. నాకు సంబరమే ఎక్కువగా ఉందని ఒప్పుకోవాలి. ఒకటిన్నర రోజు హోటల్ పరోటాలు తిని, శుక్రవారం మధ్యాహ్నం మా ఆయన స్నేహితుడి కారు తెచ్చి ఉత్తరాన చిట్టచివరి దాకా వెళ్లి రాణిగారిని తీసుకొచ్చాం. బెట్టు చేస్తుందనుకున్నాను, చేయలేదు. వెనక సీట్లో కూర్చుని దారంతా ఒక్కటే మాట అడిగింది.

"కడపామె తిన్నదా?"

మేము తిన్నామా అని అడగలేదు. టీచరమ్మ కన్నా పనిమనిషి ఎక్కువైందా అని నాకు రోషం వచ్చింది.

శనివారం స్కూలు చార్టు పేపరు మీద, మూడు రంగుల స్కెచ్ పెన్నులతో వంటింటి రాజ్యాంగం రాశాను. మార్జిన్ కూడా గీశాను. మొదటి అధికరణం: పెద్దమ్మ వంటింటి పెద్దగా కొనసాగుదురు. రెండవది: పొయ్యి వేళలను ప్రతి శుక్రవారం సభ్యులు చేతులెత్తి నిర్ణయింతురు. మూడవది: పోర్షన్ గలవారే సభ్యులు, ఇతరులకు శుభ్రపరచు నిమిత్తం ప్రవేశము కలదు. నాలుగవది: సభ నిర్ణయాన్ని పెద్దమ్మ వీటో చేయవచ్చును, కానీ అదే నిర్ణయం మూడు శుక్రవారాలు నెగ్గినచో వీటో చెల్లదు. మామూలుగా మాట్లాడే నేను రాజ్యాంగం రాసేటప్పుడు "చును" "దురు"ల్లోకి ఎందుకు దిగానో తెలియదు. కుర్చీ ఎత్తు పెరిగినట్టు అనిపించింది. నాలుగో అధికరణం చూసుకుని రెండు రోజులు మురిసిపోయాను. మూడోది రాయడానికి మాత్రం అర నిమిషం కూడా పట్టలేదు.

పెద్దమ్మ వినేసి, "మూడోది మల్ల సదువు" అంది.

చదివాను.

"అది మంచిగ లేదు."

"పోర్షన్ లేనోళ్ల సంగతి మనకెందుకు పెద్దమ్మా" అన్నాను. ఆమె పెన్ను తీసుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. దాన్ని ఫ్రిజ్ మీద అతికించాం. వదిన ఫొటో తీసి వాళ్ల చెల్లెలికి పంపింది.

మొదటి శుక్రవారం నా తీర్మానం: పొద్దున నాలుగున్నర నుంచి ఐదుంబావు దాకా పెద్ద బర్నర్ నాది. నేను, ఆపా, వదిన చేతులెత్తాం. పెద్దమ్మ వీటో చేసింది.

"నడువది."

"ఎందుకు?"

"చాయ్ తాగుత."

మేము పడీపడీ నవ్వాం. ప్యారిస్ జనం తమ రాజును, రాణిని వీటో పేరుతోనే ఎగతాళి చేసేవాళ్లట. ఆ ముక్క చెప్పగానే ఆపా "వీటో దొరసాని!" అని చప్పట్లు కొట్టింది. పేరు అతుక్కుపోయింది. రెండో శుక్రవారమూ వీటో, రెండో శుక్రవారమూ చాయ్. మూడో శుక్రవారం మూడు చేతులు లేచాయి, నాలుగో అధికరణం పనిచేసింది, వీటో చచ్చింది. పెద్దమ్మ కొంగుముడి విప్పి తాళంచెవి బల్ల మీద పెట్టి, "మీ ఇష్టం" అని లేచిపోయింది. ఫ్రాన్సులో ఈ గొడవంతా చివరికి రాజు తలకాయ దాకా పోయింది. మా వంటింట్లో కత్తిపీట ఉన్నా మేము అంత దూరం పోలేదని, మా విప్లవం ఎంత సంస్కారవంతమైందో చూడమని స్టాఫ్‌రూంలో చెప్పుకున్నాను.

ఆ తర్వాత నెలన్నర నా స్వర్ణయుగం. నాలుగున్నరకు పెద్ద బర్నర్ మీద పులిహోర, గుత్తివంకాయ, ఒకరోజు ఏకంగా పూర్ణాలు. స్టాఫ్‌రూంలో నా టిఫిన్ డబ్బా తెరిస్తే మలయాళీ టీచర్లు కుర్చీలు జరుపుకుని వచ్చేవారు. మూడో ఆలస్యం పడలేదు.

ఒక్కటే చిరాకు. పెరటి తలుపు దగ్గర, బోర్లించిన బకెట్ మీద కడపక్క కూర్చుని ఉండేది. చేతిలో నల్ల చాయ్, ఒళ్లో ఎండిన ఖుబూస్ రొట్టె. ఆ రొట్టెను ముక్కలు తుంచి చాయ్‌లో ముంచుకుంటూ నా వంట ఎప్పుడవుతుందా అని చూసేది. నా గిన్నెలు తోమి డ్యూటీకి పోవాలి కాబట్టి కూర్చుందనుకున్నాను. తర్వాత తెలివి ఇంకాస్త పెరిగింది. ఫ్రాన్సు రాజు రాజ్యాంగం మీద సంతకం పెట్టి కూడా లోపల్లోపల పక్క దేశం రాజుతో రహస్యంగా మంతనాలు జరిపాడు కదా, ఈమె కూడా పెద్దమ్మ పెట్టిన వేగు అయ్యుంటుందని కనిపెట్టాను. అందుకే ఆమె ఉన్నప్పుడు ఫోన్‌లో గొంతు తగ్గించి మాట్లాడేదాన్ని. ఒకరోజు, బయటి ఉక్క లోపలికి వస్తోందని చెప్పి ఆమె ముఖం మీదే పెరటి తలుపు మూశాను. బకెట్ కాస్త పక్కకు జరుపుకున్న చప్పుడు వినిపించింది.

జూన్ మొదట్లో ఒక మధ్యాహ్నం స్కూలు నుంచి వచ్చేసరికి హాల్లో కడపక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. క్లినిక్ వరండాలో చేతిలో మాప్‌తోనే పడిపోయిందట. ఆపా టాక్సీలో తీసుకొచ్చి పక్కన నిలబడి ఉంది, ముఖం ఎర్రగా కందిపోయి.

"ఈమెకు షుగర్ ఉంది టీచరమ్మా. తెలుసా నీకు? నక్కో, నువ్వేం చెప్పకు. పొద్దున గోలీ వేసుకుని చాయ్, ఖుబూస్. డాక్టర్ అడిగితే చెప్పింది, డేఢ్ మహీనే సే, నెలన్నర నుంచి గదే తింటున్నదంట. ఎందుకు అన్నం వండుకోలేదమ్మా అంటే, పొయ్యి టైము టీచరమ్మది అన్నది."

నాకు అర్థం కాలేదు. అర్థం కానట్టు నిలబడ్డాను, బహుశా అదే నిజం.

"పొద్దున నాలుగున్నరకు ఆ గంటసేపు పొయ్యి ఈమెది! పెద్దమ్మ పెరటి తలుపు తీసి లోపలికి పిల్చేదంట. రెండు పూటల అన్నం అప్పుడే వండుకుని, డబ్బాలో పెట్టుకుని డ్యూటీకి పోయేదంట. చాయ్ లేదు, గీయ్ లేదు. హమీచ్ ఛీన్ లియే, మనమే గుంజుకున్నం" అని, "నేను కూడా చెయ్యి లేపిన" అంది.

సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా మా నలుగురికీ ముప్పావుగంట చొప్పున నేనే పంచాను. ఖాళీ లేకుండా పంచినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. కడపక్క డ్యూటీ దిగి వచ్చేసరికి పొయ్యికి తీరిక లేదు. పొద్దున నేను దిగగానే ఆపా, వదిన ఎక్కేవాళ్లు, ఎప్పుడైనా పొయ్యి ఖాళీగా ఉన్నా మూడో అధికరణం అడ్డం ఉంది.

సిగ్గు పడాల్సిన చోట నాకు ముందు కోపం వచ్చింది. పెద్దమ్మ పోర్షన్‌కు వెళ్లి అడిగేశాను. "ఒక్క మాట చెప్తే అయిపోవు గదా పెద్దమ్మా! రెండు శుక్రవారాలు చాయ్ చాయ్ అనుకుంట కూసున్నవు!"

ఆమె ఈసారి టీవీ ఆపింది. "చెప్పద్దని ఆమెనే నా చేతులు వట్టుకున్నది. నాలుగిండ్లోళ్లకు తెలిస్తె పనామెకు మన పొయ్యేందని ఒకలు, స్టోర్ల ఎందుకున్నదని ఒకలు పంచాయితి పెడ్తరు, ఉన్న నీడ పోతది అన్నది. నువ్వు మొన్న చెయ్యి లేపిచ్చినవు, నాకు వంటిల్లు వోయింది. నాకేంది, మొగని పేరున కాయిదం ఉన్నది. ఆమె మీద చేతులు లేపితె యాడికి వోతది?"

అయితే పెద్దమ్మను దేవతను చేసి ఇక్కడితో ముగిస్తే అదీ అబద్ధమే. నాలుగేళ్లు ఒక మనిషితో నాలుగిళ్ల గిన్నెలు తోమించుకుని, బదులుగా ప్లగ్ పాయింటు లేని బస్తాల గది ఇచ్చింది ఆమే. ఆమె దయ కూడా లోపల గడియ పెట్టుకున్న దయే. కాకపోతే ఆ దయ మీద అన్నం ఉడికేది. నా సమానత్వం మీద గుత్తివంకాయ ఉడికింది, అదీ నాకోసం.

గురువారం మా ఆయన వచ్చాక ఇదంతా ఏడుస్తూనే చెప్పాను. ఆయన మొత్తం విని, వంటింట్లోకి పోయి, నా జడపిన్ను ఒకటి అడిగి తీసుకుని స్టవ్ ముందు కూర్చున్నాడు. బర్నర్ల మూతలు తీసి, పేరుకుపోయిన మసి, పొంగిన పాల చార పొడిచి, దులిపి, గుడ్డతో తుడిచి మళ్లీ బిగించాడు. పావుగంట పట్టింది. నాలుగు బర్నర్లూ భగ్గుమన్నాయి.

"ఇన్ని రోజులు నాకెందుకు చెప్పలె?" అన్నాడు.

ఒక తిరుగుబాటు, ఒక పలాయనం, ఒక రాజ్యాంగం, రెండు వీటోలు. జడపిన్ను ఎవరికీ గుర్తు రాలేదు.

అయినా టీచర్ బుద్ధి ఊరుకోదు. ఆ శుక్రవారం సభ పెట్టాను. మూడో అధికరణం కొట్టేసి, కింద ఆకుపచ్చ స్కెచ్‌తో సవరణ రాశాను. కడపక్కను పిలిచాం. కుర్చీ వేస్తే కూర్చోలేదు, గుమ్మం దగ్గరే నిలబడింది. గొంతు సవరించుకుని చదివాను. "కడపక్కను ఈ వంటింటి ఐదవ సభ్యురాలిగా గుర్తించడమైనది."

వదిన "చాలా బాగుందండీ" అంది. ఆపా కళ్లు తుడుచుకుంది. నేను కడపక్క ముఖం వంక చూశాను. ఒక కృతజ్ఞత లాంటిది కనిపిస్తుందని ఎదురుచూశానని చెప్పడానికి ఇప్పుడు కూడా నామోషీగా ఉంది.

"ఎవురు గుర్తిస్తా ఉండేదమ్మా?" అంది ఆమె. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. "నాలుగేండ్ల నుంచి ఈడనే ఉండా గదా."

చార్టు నా చేతిలోనే ఉంది.

"ఆ ఓటు మీరే పెట్టుకోండి. నాకు పొద్దన్నే పొయ్యి ఇయ్యండి, చాలు. నేను వండుకుంటా ఉంటే తలుపు మాత్రం ముయ్యద్దండమ్మా" అంది.

తలుపు మాట నాకూ ఆమెకూ తప్ప ఎవరికీ తెలియదు. పెద్దమ్మ నా వైపు చూసింది. నేను చార్టు చుట్టేశాను.

ఇప్పుడు నాలుగున్నరకు పెద్ద బర్నర్ మీద కడపక్క అన్నం ఉడుకుతుంది, పక్క దాని మీద నా ఉప్మా. మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోం. నా గిన్నెలు నేనే తోముకుంటాను. మొదటి వారం ఆమెకు అది నచ్చలేదు, మురికి పోవడం లేదని మళ్లీ తీసి తోమేది.

సెలవులకు ముందు పునశ్చరణ జరుగుతుంటే మళ్లీ ఆ పాఠం వచ్చింది. క్రియాశీల పౌరులు ఎవరు, నిష్క్రియ పౌరులు ఎవరు, మూడు మార్కులు. చేతులు తిప్పుతూ వెక్కిరించబోయి ఆగిపోయాను. ముందు బెంచీలో ఆ పిల్ల పుస్తకంలోకి తల వంచుకుని ఉంది. ఆమె అడిగి రెండు నెలలు దాటింది, మరిచిపోయి కూడా ఉంటుంది.

"నువ్వు ఆ రోజు అడిగావు కదా, రాసేటప్పుడు వాళ్ల ఇళ్లలో పనివాళ్లు కనిపించలేదా అని" అన్నాను.

తలెత్తి చూసింది.

"కనిపించారమ్మా. రోజూ కనిపించారు. గుమ్మం దగ్గరే, బకెట్ మీద కూర్చుని ఉండేవారు."

ఫ్రాన్సులో బకెట్లు ఎక్కడివి టీచర్ అని వెనక బెంచీలు నవ్వాయి. ఆ పిల్ల మాత్రం ఇది పరీక్షలో వస్తుందా అని అడిగింది. రాదని చెప్పాను. అయినా రాసుకుంది.